బేతాళునికి ఆ ముద్ర లభించేదా?

భిలాయిలో పెరిగిన వారికి రాత్రివేళ ఆకాశం ఎర్రబారడం వింత కాదు. ఉక్కు కర్మాగారంలో కొలిమి నుంచి తీసిన వేడి స్లాగును గుట్టల మీద పారబోసినప్పుడల్లా ఒక దిక్కంతా నిప్పుల కాంతి పరచుకొని, కాసేపటికి మెల్లగా చల్లారిపోయేది. 1980ల చివర, క్వార్టరు వరండాలో కూర్చొని ఆ వెలుగును చూస్తూ, మా అమ్మ చదువుతుండగా బేతాళ కథ విన్న జ్ఞాపకం నాకున్నది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి పార్వతీపురం, రాయగడల మీదుగా రైలులో వచ్చి ఇక్కడ స్థిరపడిన అనేక తెలుగు కుటుంబాలలో మాదొకటి. బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ. తెలుగు అక్షరం మాత్రం మాకు 'చందమామ' పుటల మీదనే పరిచయమైంది.

'చందమామ'కు మా ఇంట ప్రవేశం ఉండేది. పవర్ హౌస్ బజారులో రోజు అద్దెకు ఇచ్చే హిందీ భూతాల బొమ్మల పుస్తకాలకు ఉండేది కాదు. ఒకసారి నా పరుపు కింద దొరికిన అటువంటి పుస్తకాన్ని మా నాన్నగారు చించి పారవేశారు. అద్దె దుకాణదారుకు దాని వెల కూడా చెల్లించవలసి వచ్చింది. "అందులోనూ శవమే, ఇందులోనూ శవమే కదా నాన్నా" అని అడిగాను. "అది వేరు, ఇది వేరు" అన్నారే తప్ప ఎందుకు వేరో చెప్పలేదు. ఆయనకు షిఫ్టు వేళ అయింది. అదే ప్రశ్నకు మూడు దేశాల శాసనకర్తలూ, ఒక పరిశ్రమా సమాధానం చెప్పబోయిన వైనం, అందులో కొందరు తడబడిన వైనం చరిత్ర విద్యార్థిగా నాకు తరువాత తెలియవచ్చింది.

1950లో అమెరికాలో ఇ.సి. కామిక్స్ అనే సంస్థ 'టేల్స్ ఫ్రం ద క్రిప్ట్', 'ద వాల్ట్ ఆఫ్ హారర్', 'ద హాంట్ ఆఫ్ ఫియర్' పత్రికలకు శ్రీకారం చుట్టింది. బైబిలు గాథలను బొమ్మలలో చెప్పడానికి 'ఎడ్యుకేషనల్ కామిక్స్' పేరుతో పుట్టిన సంస్థ అది. 1947లో తండ్రి మరణానంతరం దాని బాధ్యత స్వీకరించిన విలియం గెయిన్స్ పేరులోని 'విద్య'ను తొలగించి 'వినోదం' చేర్చాడు. కథలలో అధిక భాగం ఆల్ ఫెల్డ్‌స్టైన్ రచన. బొమ్మలు జానీ క్రెయిగ్, గ్రాహం ఇంగెల్స్, జాక్ డేవిస్ ప్రభృతులవి. వెల పది సెంట్లు. ఇతివృత్తం తరచుగా ఒక్కటే. హత్య జరుగుతుంది, చట్టానికి సాక్ష్యం దొరకదు, మట్టిలో నుంచి శవమే లేచి వచ్చి బాకీ తీర్చుకుంటుంది. ప్రతి కథకూ ముందూ వెనుకా క్రిప్ట్ కీపర్ వంటి వికృతరూపుడైన సూత్రధారుడు ప్రత్యక్షమై, పాఠకుణ్ణి పలకరించి, ఒక చమత్కారం విసిరి సెలవు తీసుకుంటాడు.

ఈ కథలన్నిటినీ వెనకవేసుకొని రావడం నా ఉద్దేశం కాదు. వరుసగా పది చదివితే పదకొండవదాని ముగింపు ముందే తెలిసిపోతుంది. స్త్రీ అయితే కుట్రదారు, లేకుంటే బలిపశువు. 1953 నాటి 'ఫౌల్ ప్లే' అనే కథలో హంతకుని దేహభాగాలతోనే బేస్‌బాల్ ఆడిన దృశ్యం చూచినప్పుడు, మా నాన్నగారు చేసిన పని సబబేనేమో అనిపించింది. ఆలంకారికుల పరిభాషలో చెప్పాలంటే అక్కడ భయానకం తప్పుకొని బీభత్సం ఒక్కటే మిగిలింది. జుగుప్సకు మించి ఆ బొమ్మ మనకు ఇచ్చేది ఏమీ లేదు.

1954 ఏప్రిల్ 21న బాలనేరాలపై విచారణ జరుపుతున్న అమెరికన్ సెనేట్ ఉపసంఘం ఎదుట గెయిన్స్ స్వయంగా వచ్చి సాక్ష్యమిచ్చాడు. గొడ్డలి, తెగిన స్త్రీ శిరస్సు ఉన్న ముఖచిత్రాన్ని సెనేటర్ కెఫావర్ చూపి, ఇది సదభిరుచేనా అని అడిగాడు. భయానక పత్రిక ముఖచిత్రానికి సదభిరుచే అని గెయిన్స్ జవాబు. తలను ఇంకొంచెం పైకెత్తి మెడ నుంచి రక్తం కారడం చూపితే దురభిరుచి అయ్యేదట. వృత్తి తెలిసిన వాని సమాధానమది. కాని సభలో చెల్లే సమాధానం కాదు.

అదే రోజు సాక్ష్యమిచ్చిన మానసిక వైద్యుడు ఫ్రెడ్రిక్ వర్థాం గురించి నేడు వ్యంగ్యంగా మాట్లాడడం పరిపాటి. అది న్యాయం కాదని నా అభిప్రాయం. హార్లెంలో పేద నల్లజాతి వారికోసం లఫార్గ్ చికిత్సాలయం నడిపినవాడాయన. పాఠశాలలలో జాతి విభజన పిల్లల మనసులకు చేసే హానిపై ఆయన ఇచ్చిన సాక్ష్యం కోర్టులకు ఉపకరించింది. అయితే 1954లో వెలువడిన ఆయన గ్రంథం 'సెడక్షన్ ఆఫ్ ది ఇన్నోసెంట్'లోని ఉదాహరణలను ఆయన స్వంత కాగితాలతో పోల్చి చూచిన కారల్ టిల్లీ, బాలల మాటలను ఆయన మార్చి, కలిపి, తన వాదానికి అనువుగా మలచుకున్నాడని 2012లో నిరూపించారు. సదుద్దేశం గల మనిషి సాక్ష్యాన్ని దిద్దితే ఆ దిద్దుబాటును పట్టుకోవడానికి అరవై సంవత్సరాలు పట్టింది.

ప్రభుత్వం చట్టం చేయకమునుపే ప్రచురణకర్తలు తమంత తాము 1954లో ఒక నియమావళిని, దానిని అమలుపరచే కామిక్స్ కోడ్ అథారిటీని ఏర్పరచుకున్నారు. ఆ సంస్థ ముద్ర లేని పుస్తకాన్ని పంపిణీదారులు ముట్టుకోరు. 'హారర్', 'టెర్రర్' అనే మాటలు పత్రిక పేరులో ఉండరాదు. నడిచే శవాలు, రక్తపిశాచాలు, శవభక్షకులు, నరమాంస భక్షణ నిషిద్ధం. ప్రతి కథలోనూ మంచే గెలవాలి. పోలీసులపై, న్యాయమూర్తులపై అగౌరవం కలిగించరాదు. గెయిన్స్ తన భయానక పత్రికలను ఆ ఏడే మూసివేశాడు.

ఆ సంవత్సరమే సముద్రానికి ఆవల గ్లాస్గో నగరంలో ఒక విచిత్రం జరిగింది. సెప్టెంబరు మాసంలో గోర్బల్స్ పేటకు చెందిన వందలాది పిల్లలు కత్తులు, కర్రలు పట్టుకొని శ్మశానంలోకి దూసుకుపోయారు. ఇనుప పళ్ళ పిశాచం ఇద్దరు బాలురను మింగిందని వారి నమ్మకం. ఆ శ్మశానం పక్కనే ఇనుము కరిగించే కర్మాగారం. దాని కొలిమి మంటల ఎర్రని వెలుగు, పొగ సమాధుల మీద పడుతూ ఉండేవి. భిలాయి పిల్లవాడికి ఈ దృశ్యం వేరే వర్ణించనవసరం లేదు. పెద్దలు వెంటనే అమెరికన్ కామిక్స్‌ను నిందించారు. ఇనుప పళ్ళ ముసలమ్మ స్కాట్లండు జానపదంలో, పిల్లలు చదువుకునే కవితలో అంతకు ముందే ఉన్నదన్న సంగతి ఆ హడావిడిలో మరుగున పడింది. 1955లో బ్రిటిష్ పార్లమెంటు బాలలకు హానికరమైన ప్రచురణల చట్టం తెచ్చింది.

మరుసటి ఏడు, అంటే భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడిన 1956లో, భిలాయిలో కర్మాగార నిర్మాణం సాగుతున్న రోజులలో, మన పార్లమెంటు కూడా యువజనులకు హానికరమైన ప్రచురణల చట్టాన్ని ఆమోదించింది. ఇరవై ఏళ్ళలోపు వారెవరైనా దాని పరిధిలో యువజనులే. నేరాలను, హింసను, క్రౌర్యాన్ని, ఏవగింపు లేదా భీతి గొలిపే సంఘటనలను ప్రధానంగా చిత్రించే కథలు, అవి బొమ్మలతో చెప్పినవైనా మాటలతో చెప్పినవైనా, అందులోకి వస్తాయి. కాని అక్కడితో ఆగలేదు. ఆ ప్రచురణ మొత్తంగా చూచినప్పుడు యువజనులను చెడుత్రోవ పట్టించేదిగా ఉండాలి అన్నది షరతు. ప్రభుత్వం ఒక ప్రచురణను జప్తు చేస్తే హైకోర్టుకు వెళ్ళే హక్కు కూడా ఉన్నది. 'మొత్తంగా' అనే ఆ ఒక్క మాట విలువ తెలియాలంటే అమెరికన్ నియమావళిని పక్కన పెట్టుకొని చదవాలి. అది వస్తువుల జాబితా. ఇది కృతిని చదివి తీర్పు చెప్పమంటుంది.

ఇప్పుడు బేతాళుణ్ణి ఆ జాబితా ఎదుట నిలబెట్టి చూద్దాం. 1947లో పుట్టిన 'చందమామ'లో బేతాళ కథలు 1950ల నడుమ మొదలై దశాబ్దాల పాటు సాగాయి. వాటిని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు హేతువాద దృక్పథం గలవారు కావడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే తోస్తుంది. చేత కత్తి, భుజాన శవం, చుట్టూ శ్మశానం. శంకర్ గీసిన ఆ చిత్రం చూడని తెలుగు ఇల్లు ఒకప్పుడు అరుదు. బేతాళుడంటే శవంలో దూరిన ప్రేతం. నడిచే శవం కాకపోవచ్చును గాని, మాట్లాడే శవం. అమెరికన్ నియమావళి ప్రకారం ఆయనకు ముద్ర లభించేది కాదు. భవభూతి 'మాలతీమాధవం' అయిదవ అంకంలో నాయకుడు శ్మశానంలో నరమాంసం అమ్మజూపుతాడు, అదీ పోయేది. తిక్కన తెనిగించిన సౌప్తిక పర్వంలో నిద్రించే వారిని అశ్వత్థామ వధించే రాత్రి సైతం ఆ పరిశీలకుల బల్ల దాటేది కాదు.

క్రిప్ట్ కీపర్‌కూ బేతాళునికీ పోలిక నేను బలవంతంగా తెచ్చినది కాదు. ఇద్దరూ కథ చెప్పే మృతులు. ఇద్దరి కథలలోనూ రాజు, న్యాయస్థానం విఫలమైన చోటే కథ మొదలవుతుంది. భేదం కథ ముగిసిన తరువాత వస్తుంది. అమెరికన్ సూత్రధారుడు నవ్వించి పంపుతాడు. భయానకం హాస్యంలో కరిగి, పాఠకుడు పేజీ తిప్పుతాడు. బేతాళుడు ప్రశ్న అడుగుతాడు. జవాబు తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనభంగమై శవం తిరిగి చెట్టెక్కుతుంది. న్యాయం చెప్పిన ప్రతిసారీ రాజు తన పనిలో ఓడిపోతాడు. పసితనంలో నాకు భయం వేసినది శవం చూచి కాదు, జవాబు తెలియక. మా అమ్మ పత్రిక మూసి "నువ్వయితే ఏం చెబుతావురా" అని అడిగేది. పవర్ హౌస్ బజారు పుస్తకాలు ఎన్నడూ నన్ను ఏమీ అడగలేదు. మా నాన్నగారు చెప్పని కారణం బహుశా ఇదే కావచ్చు.

జాబితా చూచి తీర్పు చెప్పే పద్ధతి ఎక్కడికి దారితీస్తుందో ఇ.సి. వారి చివరి కామిక్ పుస్తకమే చూపింది. 1953లో తొలిసారి వచ్చిన 'జడ్జిమెంట్ డే' కథను 1956లో పునర్ముద్రించబోయారు. నారింజరంగు యంత్రమానవులు నీలిరంగు వారిని హీనంగా చూసే ఒక గ్రహాన్ని భూమి నుంచి వచ్చిన పరిశీలకుడు తనిఖీ చేసి, మీకు ఇంకా అర్హత రాలేదని వెళ్ళిపోతాడు. చివరి బొమ్మలో శిరస్త్రాణం తీస్తే అతడు నల్లజాతి వాడని తెలుస్తుంది. అంతే కథ. అందులో రక్తం లేదు, శవం లేదు. నియమావళి అధికారి ఆ ముఖానికి అభ్యంతరం చెప్పాడు. గెయిన్స్ మార్చనని భీష్మించి, మార్చకుండానే అచ్చువేసి, ఆపై కామిక్ పుస్తకాలకు స్వస్తి చెప్పాడు. 'మ్యాడ్' మాత్రం పెద్ద పత్రికగా మారి ఆ నియమావళి పరిధి తప్పించుకొని బతికింది.

బేతాళ కథల ముగింపు నేను 'చందమామ'లో చదవలేదు, ఎం.ఏ. రోజులలో, పదకొండవ శతాబ్దపు సోమదేవుని 'కథాసరిత్సాగరం' అనువాదంలో చదివాను. శవం తెమ్మని రాజును పంపిన క్షాంతిశీలుడనే భిక్షువే రాజును బలి ఇవ్వజూచిన హంతకుడు. ఆ రహస్యం చెప్పి కాపాడినది బేతాళుడు. చూడడానికి భయంకరంగా ఉన్నవాడు మిత్రుడు, పవిత్రంగా ఉన్నవాడు శత్రువు.

ఉద్యోగరీత్యా ఒక ఫిర్యాదు చదువుతున్నప్పుడు ఆ ముగింపు నాకు గుర్తుకువచ్చింది. ఛత్తీస్‌గఢ్ పల్లెలలో స్త్రీని మంత్రగత్తె అనడానికి 'టోన్హీ' అనే మాట ఉన్నది. పొలం గట్టు తగాదా ఉన్న పొరుగింటిలో బిడ్డకు జ్వరం వచ్చింది. మంత్రవైద్యుడు వచ్చి ఒంటరి వితంతువు ఇంటివైపు వేలు చూపాడు. ఊరు ఆ మాట నమ్మింది. మనిషిని అలా పిలవడమే నేరమని ప్రకటించే టోన్హీ వేధింపుల నిరోధక చట్టం ఈ రాష్ట్రంలో 2005లో వచ్చింది. భయానక కథల మీద చట్టం వచ్చిన నలభై తొమ్మిదేళ్ళకు! ఆ ఫిర్యాదులో పేర్కొన్న వారెవరూ బొమ్మల పుస్తకం చదివి చెడిపోయిన వారు కారు. వారిలో సగం మందికి చదువే రాదు. 1980లలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' చేతబడిని లక్షలాది ఇళ్ళకు తీసుకువచ్చినప్పుడు తెలుగునాట రేగిన వాదన ఇటువంటి ఆందోళన నుంచే పుట్టినది. ఆ ఆందోళనను నేను తేలిక చేయను. మంత్రశక్తి నిజమేనని పాఠకుణ్ణి ఒప్పించే రచనకూ, ప్రేతాన్ని కథకునిగా నిలిపి తీర్పు అడిగే రచనకూ మధ్య గీత గీయవలసి ఉన్నది. ఆ గీత శవం దగ్గర లేదు.

అమెరికన్ ముద్ర 2011లో అంతరించింది. 'చందమామ' కూడా ఆగిపోయింది. శంకర్ 2020లో కన్నుమూయగా, 2021లో భారత ప్రభుత్వం ఆయనకు మరణానంతరం పద్మశ్రీ ప్రకటించింది. ఆ వార్తతో పాటు పత్రికలో పడిన బేతాళుని బొమ్మను, పదవీ విరమణ చేసి ఇప్పుడు నా వద్ద ఉంటున్న మా నాన్నగారికి చూపించాను. కళ్ళద్దాలు సరిచేసుకొని చాలాసేపు చూశారు. "ఆ అద్దె పుస్తకానికి అయిదు రూపాయలు కట్టాను, గుర్తుందా" అన్నారు.