మూత్రాశయానికి విద్యుత్ చికిత్స: జంతుప్రయోగాలు చెప్పినదీ చెప్పనిదీ

వెన్నుపాము దెబ్బతిన్నవారిలో మూత్రాశయం నిండినా ఖాళీ కాదు, లేదా అదుపు తప్పి కారిపోతుంది. నడుము దిగువ త్రికాస్థి నాడులకు విద్యుత్ ప్రేరణనిచ్చి దీన్ని సరిదిద్దే చికిత్సకు పునాది జంతుప్రయోగాలే. అయితే ఆ పునాది ఎంతవరకు బరువు మోయగలదన్నది వేరే ప్రశ్న.

శాన్‌ఫ్రాన్సిస్కోలో టనాగో, ష్మిట్‌లు కుక్కలపై పనిచేసినప్పుడు ఎదురైన ప్రధానమైన చిక్కు ఇది: నాడిని ప్రేరేపిస్తే మూత్రాశయంతోపాటు మూత్రమార్గాన్ని మూసే కండరమూ బిగుసుకుంటుంది. తోసే చెయ్యే తలుపుకు గడియ పెట్టినట్టన్నమాట. బబూన్‌లపై పరిశోధించిన లండన్ శాస్త్రవేత్త గైల్స్ బ్రిండ్లీ పద్ధతిలో విద్యుత్తును విడతలు విడతలుగా ఇస్తారు. విడత ఆగగానే మూసే కండరం చప్పున సడలుతుంది, మూత్రాశయం నెమ్మదిగా సడలుతుంది. ఆ వ్యవధిలోనే మూత్రం వెలువడుతుంది. శరీరధర్మాన్ని ఎదిరించకుండా దాని జాప్యాన్నే వాడుకున్న ఉపాయమిది.

కాని మనుషుల్లో ఈ పరికరాన్ని అమర్చేటప్పుడు సాధారణంగా వెనుక నాడీమూలాలను కోసివేస్తారు. మూత్రాశయంలో ఎక్కువ మూత్రం నిలుస్తుంది. పురుషులలో స్పర్శవల్ల అసంకల్పితంగా కలిగే అంగస్తంభన మాత్రం పోతుంది. ఒత్తిడినీ మిల్లీలీటర్లనూ కొలిచే ప్రయోగశాల పట్టికలో ఈ నష్టానికి గడి లేదు.

పిల్లుల ప్రయోగాలలో లోపం మరింత మౌలికమైనది. మత్తులో ఉన్న పిల్లి మూత్రాశయంలోకి పలుచని ఎసిటిక్ ఆమ్లం ఎక్కించి, నాడీప్రేరణతో దాని సామర్థ్యం ఎంత పెరిగిందో చూస్తారు. రోగిని బాధించేది సామర్థ్యం కాదు, ఆపుకోలేని తొందర. మత్తులో ఉన్న పిల్లికి అది తెలియదు. 1997లో అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదించిన త్రికాస్థి నాడీప్రేరణ పరికరాన్ని సైతం ముందు తాత్కాలికంగా ప్రయత్నించి, రోగి రోజూ రాసుకున్న లెక్క చూశాకే శాశ్వతంగా అమరుస్తారు.