సిరియా కఱవు, వలస, యుద్ధము: ఒక హేతువిచారము

వాతావరణ పరిణామముచే తీవ్రమైన 2007-10 నాటి అనావృష్టి 2011లో సిరియాయందు చెలరేగిన కలహమునకు దోహదము చేసెననియు, 15 లక్షలమంది వఱకు పల్లెలు విడిచి నగరముల అంచులు చేరిరనియు 2015లో కెల్లీ ప్రభృతులు ప్రతిపాదించిరి. అనావృష్టి యథార్థమే. కాని పౌర్వాపర్యమాత్రమున కారణత్వము సిద్ధించునా? ఈ వాదము నిలిచినచో నేరము పాలకుని విడిచి ఆకాశమునకు పోవును. నిలువ నీడలేని వలసవాడు కలహమూలముగా ఎన్నబడును. 2017లో సెల్బీ ప్రభృతులు ఆ సంఖ్యను త్రోసిపుచ్చి, కఱవుచే లేచిపోయిన కుటుంబములు 40, 60 వేల నడుమ ననిరి. దరాలో మొదలైన ఉద్యమమును ఆ వలసవారు నడిపిరనుటకు ఆధారము కానరాదనిరి. 2008 మే నెలలో ప్రభుత్వము లీటరు డీజిలు ధరను 7 సిరియా పౌన్లనుండి 25కు పెంచెను. నూతినీటి సేద్యమున కది పిడుగుపాటు. కెల్లీ వర్గము విధానదోషములను పేర్కొన్నది. వాని పాలెంతయో వేఱుగా తూచలేదు.