మాయసీతకు నొప్పి పుట్టిందా?

నా చిన్నతనంలో మా మనుబోలులో తోలుబొమ్మలాట కట్టినప్పుడు, ఒక రాత్రి ఇంద్రజిత్తు సీతను నరికేశాడు. చాపల మీద కూర్చున్న పిల్లలమంతా ఘొల్లుమన్నాం. మా నాయనమ్మ తొణకలేదు, బెణకలేదు. వక్క కొరుక్కుంటూ, "ఏడుస్తావేందిమే, అది మాయసీత గదా! అసలు సీత అశోకవనంలో చల్లంగా ఉండాది" అంది.

"మరి ఈమెకి నొప్పి పుట్టలేదా?" అన్నాను.

"మాయదానికి నొప్పేంది?" అని కొట్టిపారేసిందావిడ. పక్కనున్న మా పిన్ని ఏమీ అనకుండా నన్ను దగ్గరకు లాక్కుంది.

నాకు మాత్రం సమాధానపడ లేదు. ఎందుకంటే బొమ్మ అదే బొమ్మ. తెర వెనక "రామా, రామా" అని ఏడ్చిన ఆడగొంతు కూడా నిన్న అశోకవనంలో సీతకు పాడిన గొంతే. నిన్నటి ఏడుపు నిజమూ, ఇవాళ్టిది అబద్ధమూ ఎలా అవుతుంది?

నవలలు రాయడం మొదలుపెట్టాక ఆ ప్రశ్న మళ్ళీ వచ్చి కూర్చుంది. (భక్తులు నొచ్చుకోవద్దు. సీతమ్మను నేనిక్కడ కథలో పాత్రగానే తీసుకుంటున్నాను.) మేం కల్పించిన మనుషులకే ప్రాణం లేదని విమర్శకులు చీవాట్లు పెడుతుంటే, పాత్రకి మళ్ళీ ఒక మాయ నకలు, దానికి మనసుందా లేదా అంటే ఎవరు చెప్పాలి?

అన్ని మాయలూ ఒకటి కావు. 1957లో వచ్చిన 'మాయాబజార్' మీరంతా చూసే ఉంటారు. అందులో మాయాశశిరేఖ గురించి బెంగపడక్కర్లేదు. రూపం శశిరేఖది, లోపలున్నది ఘటోత్కచుడు. సావిత్రి ఆ మగ నడకా, మగ చూపూ చూపించి మనకా సంగతి క్షణక్షణం గుర్తుచేస్తూనే ఉంటుంది. 'మనుచరిత్ర'లో వరూధినిని మోసగించిన మాయాప్రవరుడూ అంతే. వేషం కట్టిన గంధర్వుడు. ఇవి ముసుగులు. ముసుగు తీస్తే మనిషి దొరుకుతాడు.

మన తిరుమల కథలో వేదవతి సంగతి వేరు. రావణుడు ఎత్తుకుపోయింది సీతను కాదు, ఆమె బదులు నిలబడిన వేదవతిని అంటుంది వేంకటాచల మాహాత్మ్యం. లంకలో బాధలు పడింది ఈమె. అగ్నిలోంచి ఇద్దరూ బయటికి వచ్చాక, నాకోసం ఇంత పడింది, ఈమెను స్వీకరించమని సీతే రాముణ్ణి అడుగుతుంది. ఏకపత్నీవ్రతం గనక ఈ జన్మలో కుదరదన్నాడాయన. కలియుగంలో నారాయణవనం ఆకాశరాజు ఇంట పద్మావతిగా పుట్టి శ్రీనివాసుణ్ణి పెళ్ళాడింది. బదులు నిలబడినదానికి బాకీ తీరింది. ఎవరి బదులు నిలబడిందో ఆవిడే బాకీ ఉందని ఒప్పుకోవడం నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చిన సంగతి.

వేదవతికి తన వెనకటి బతుకంటూ ఒకటుంది. ఛాయకు అదీ లేదు. మన నెల్లూరు తిక్కన గారి శిష్యుడు మారన తెనిగించిన మార్కండేయపురాణంలో ఉంది ఈమె కథ. సూర్యుడి వేడి భరించలేక సంజ్ఞాదేవి తన నీడను మనిషిని చేసి, నా పిల్లల్ని చూసుకో, ఈ గుట్టు ఆయనకు చెప్పకు అని వెళ్ళిపోయింది. శాపం దాకా వస్తే తప్ప చెప్పనంది నీడ. అంతవరకూ నీడే. తర్వాత ఆమెకు తన పిల్లలు పుట్టారు. వాళ్ళను ఎక్కువ చేసింది, సంజ్ఞ పిల్లల్ని తక్కువ చేసింది. కోపం పట్టలేక యముడు కాలెత్తితే, ఆ కాలు ఊడిపడాలని శపించింది. కన్నతల్లి ఇలా శపిస్తుందా అని సూర్యుడికి అనుమానం వచ్చింది. తననూ శపిస్తాడని తెలిశాక గానీ ఆమె గుట్టు విప్పలేదు.

అంతా ఛాయను సవతి తల్లి అని తిడతారు. నేనైతే అక్కడే ఆమెకు ప్రాణం వచ్చిందంటాను. నీ పిల్లల్ని ఎక్కువగా ప్రేమించు అని సంజ్ఞ చెప్పలేదు కదా! చేసినవాళ్ళు పెట్టని కోరిక ఒకటి లోపల పుట్టిందంటే అది బొమ్మ కాదు. మంచి కోరికా చెడ్డ కోరికా అన్నది తర్వాత సంగతి.

ఈ కొలత దొరికిందని కొన్నాళ్ళు మురిసిపోయాను. దాంతో ఇంద్రజిత్తు మాయసీతను కొలిచేసరికి చిక్కొచ్చింది. వాల్మీకి యుద్ధకాండలో ఆమె ఉన్నది కాసేపే. రథం మీద కనబడుతుంది, జుట్టు పట్టి లాగితే రాముణ్ణి పిలుస్తుంది, చస్తుంది. కోరికంటూ ఒకటి పుట్టే వ్యవధి ఏదీ? నా కొలత ప్రకారం ఆమె బొమ్మే. కానీ వాల్మీకి ఆమెను ఎలా చూపించాడు? ఒంటి జడ, మాసిన ఒంటి బట్ట, ఉపవాసాలతో చిక్కిపోయిన ముఖం. అశోకవనంలో సీతను కళ్ళారా చూసొచ్చిన హనుమంతుడే నమ్మేశాడు. ఒక్కపూటా పస్తుండని మనిషికి ఆ ఆకలి ముఖం! కత్తి దూసి జందెం వాలుగా నరికినప్పుడు, అది మాయ అని తెలిసి కూడా కవి ఆమెను 'తపస్విని' అనే అన్నాడు. ఆ మాట అనకుండా ఉండలేకపోయాడని నా నమ్మకం. ఆ తర్వాత విభీషణుడు వచ్చి అది మాయ, ఇంద్రజిత్తు నికుంభిలలో హోమానికి పోయాడు అని చెప్పగానే అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. ఆమె సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అంటే ఎదురు తిరిగిన ఛాయకు ప్రాణం ఉందని ఒప్పుకుని, నోరెత్తే వ్యవధి లేనిదాన్ని బొమ్మల లెక్కలో వేశానన్నమాట. మా నాయనమ్మకూ నాకూ తేడా ఏముంది?

మా పిన్నిని కూడా బదులుగానే తెచ్చారు. వాళ్ళ అక్క పోతే, పిల్లల కోసం ఈమెను మా చిన్నాన్నకిచ్చి చేశారు. "అచ్చం అక్కే" అనేవాళ్ళు చుట్టాలు, అదే పెద్ద మెప్పయినట్టు. ఆమె ఏదీ అడిగినట్టు నాకు గుర్తులేదు. నా రెండో నవలలో అలాంటి పిన్నిని ఒకామెను పెట్టాను. చాలా ఓర్పు గల మనిషి అని పాఠకులు ఉత్తరాలు రాశారు. మా పిన్ని ఆ పుస్తకం మధ్యాహ్నాలు కూర్చుని చదివింది. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. మర్నాడు చేపల పులుసు వడ్డిస్తూ అడిగింది:

"ఇంత లావు పుస్తకంలో అందరికీ వండి పెట్టిందే గానీ, ఆమె కూర్చోని ఒక ముద్ద తిన్నట్టు యాడా రాయలేదేందిమే?"