హెక్టర్‌ను పోల్చుకోవాలంటే పొట్ట చూడాలి

సీతాకోకచిలుకలను చూసే అలవాటున్నవాళ్లకు మోజంతా రెక్కల మీదే. నస్పూర్‌లో సింగరేణి క్వార్టర్ల ప్రహరీ పక్కన, వానాకాలంలో పూల పొదల మీద వాలే ఒక నల్ల సీతాకోక దగ్గర మాత్రం ఆ మోజు పనికిరాదు. ముందు రెక్కల మీద తెల్లని పట్టీలు, వెనక రెక్కల మీద రెండు వరుసల ఎర్రచుక్కలు. వాడుకలో క్రిమ్సన్ రోజ్. శాస్త్రం పెట్టిన పేరు హెక్టర్.

హోమర్ కావ్యంలో అకిలీస్ చేతిలో చచ్చిన ట్రాయ్ రాకుమారుడు మా బొగ్గు గనుల దాకా ఎలా వచ్చాడు? అది లినేయస్ చేసిన పని. ప్రపంచంలోని జీవులన్నిటికీ పేర్లు పెట్టే పనిలో ఉన్న ఆ స్వీడన్ పండితుడు 1758లో సీతాకోకల దగ్గరికి వచ్చేసరికి ట్రోజన్ యుద్ధం ముందేసుకుని, గనిలో మస్టర్ రాసినట్టు రాసుకుంటూ పోయాడు. రొమ్ము మీద నెత్తుటి మచ్చలున్నవి ట్రాయ్ పక్షం, లేనివి గ్రీకు పక్షం. నిమ్మాకు తినే గొంగళి డెమోలియస్ అయింది, సీతాఫలం ఆకు తినేది ఆగమెమ్నాన్.

పేరు అక్కడితో ఆగలేదు. 1907లో ఆగస్ట్ కోప్ఫ్ అనే జర్మన్ శాస్త్రవేత్త గురుగ్రహపు దారిలో కనుగొన్న గ్రహశకలం 624 హెక్టర్. అక్కడా రెండు శిబిరాలే: గురుడికి ముందు నడిచేవి గ్రీకులు, వెనక నడిచేవి ట్రోజన్లు. ఆ పద్ధతి కుదరకముందే పేరు పడడంతో, పాపం, హెక్టర్ శత్రువుల గుంపులో ఇరుక్కున్నాడు. దాని చుట్టూ తిరిగే బుల్లి చంద్రుడికి అతని కొడుకు స్కామాండ్రియస్ పేరే పెట్టడం కొంత ఊరట. ఆస్ట్రేలియాలో డార్విన్‌కు ఉత్తరాన టివి దీవుల మీద సెప్టెంబరు నుంచి మార్చి దాకా దాదాపు ప్రతి మధ్యాహ్నం లేచే ఉరుముల మబ్బు కూడా హెక్టరే. న్యూజిలాండ్ హెక్టర్ డాల్ఫిన్‌ను మాత్రం ఈ లెక్కలో కలపకండి. అది జేమ్స్ హెక్టర్ అనే దొరవారి పేరు.

నాకు నచ్చిన కథ ఇవేవీ కాదు. హెక్టర్ గొంగళి తినేది ఈశ్వరి తీగ. పాముకాటుకు మందని పల్లెల్లో నమ్మే ఆ తీగలో విషం ఉంటుంది. అది గొంగళి ఒంట్లో చేరి సీతాకోకకూ దక్కుతుంది. ఒకసారి రుచి చూసిన పిట్ట మళ్లీ దాని జోలికి పోదు. ఈ భయాన్ని వాడుకునే దొంగ మన పెరటి కరివేపాకు మీదే పెరుగుతుంది: కామన్ మార్మన్. శాస్త్రంలో పాలిటిస్, అంటే సాక్షాత్తూ హెక్టర్ తమ్ముడు. విషం లేని ఈ జాతిలో కొన్ని ఆడవి అచ్చం హెక్టర్ వేషం కడతాయి. ఆ వేషం పేరు రోములస్. ట్రాయ్ కూలినప్పుడు బయటపడ్డవాళ్ల వంశంలో పుట్టి రోము నగరం కట్టాడంటారే, ఆయన!

"గిదేంది సార్, రెక్కలిడిసి పొట్ట జూస్తున్నరు?" అని పక్కింటాయన అడిగాడు. చెప్పాను: ఎర్ర పొట్టయితే హెక్టర్, నల్ల పొట్టయితే రోములస్. పిట్టకు అంత తీరిక ఉండదు, రెక్కలు చూసి వదిలేస్తుంది.

మా దగ్గర కంచెలు బాగుచేసేటప్పుడు ఈశ్వరిని పిచ్చితీగల్లో కలిపి పీకేస్తున్నారు. తీగ పోతే హెక్టర్ పోతాడు. చేదు రుచి ఎరగని పిట్టలకు ఆ వేషం ఏమీ చెప్పదు, కరివేపాకు మీద పెరిగిన రోములస్‌ను హాయిగా తినేస్తాయి.