2734 ఎల్

కాల్బలంలో ఒకడు నేలకొరిగితే పక్కవాడు చూస్తాడు. ఒంటరిగా ఎగిరిన పైలట్ కూలిపోతే చూసినవాడు ఉండడు. పెట్రోలు ఎప్పటికి అయిపోవాలో లెక్క కట్టి, ఆ వేళ దాటాక రిజిస్టర్లో ‘తిరిగి రాలేదు’ అని రాస్తారు. ఇంటికి వెళ్లే తంతిలోనూ అదే ముక్క. ఆ ముక్కను పట్టుకుని డెబ్బై ఎనభై ఏళ్ల తర్వాత కూడా తీగ లాగేవాళ్లు యూరప్‌లో ఊరికొకరు కనిపిస్తారు. వాళ్లలో పట్టాలున్న చరిత్రకారులు కొద్దిమందే. మిగతావాళ్లు డైవర్లు, రిటైరైన ఉద్యోగులు, పొలం దున్నుతుంటే అల్యూమినియం ముక్క తగిలిన రైతులు.

పని కాగితంతోనే మొదలవుతుంది. బ్రిటిష్ వాయుసేన స్క్వాడ్రన్ల దినచర్య పుస్తకాలు లండన్ శివారు క్యూలో, నేషనల్ ఆర్కైవ్స్‌లో ‘ఎయిర్ 27’ వరసలో ఉన్నాయి. ఫారం 540లో ఆ రోజు ఏం జరిగిందో ఉంటుంది. ఫారం 541లో ఏ విమానం, ఎవరెవరు, ఎన్నింటికి లేచారు, ఎన్నింటికి దిగారు అన్నది. దిగిన వేళ రాయాల్సిన చోట ఖాళీ ఉంటే వెతుకులాట అక్కడ మొదలు. ఈ దస్తరాల్లో మన ఊరి పేరూ తగులుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో నిజాం ఇచ్చిన సొమ్ముతో విమానాలు అందుకున్న 110వ స్క్వాడ్రన్‌కు, రెండో యుద్ధంలో 152, 253 స్క్వాడ్రన్లకు ‘హైదరాబాద్’ అన్నది అధికారిక నామం. 152వ దాని చిహ్నం నిజాం తలపాగాయే. ఇంగ్లండు ఆకాశంలో కూలిన ఏ కుర్రాడి జాడో తీయబోతే కాగితం మీద హైదరాబాద్ ఎదురవడం నాకు ఇప్పటికీ చిత్రంగానే ఉంటుంది.

అమెరికన్లు ఇంకో అడుగు ముందుకు వేశారు. తప్పిపోయిన విమానానికి రాసే నివేదికలో ఇంజన్ల నంబర్లు, మెషిన్‌గన్ల నంబర్లు కూడా ఎక్కించేవారు. మనిషి ఆనవాలు మట్టిలో, నీళ్లలో కలిసిపోయినా ఇనుము మీద కొట్టిన అంకె ఉంటుందన్న ముందుచూపు అది.

ఆ అంకె ఏం చేయగలదో ఆంట్వాన్ ద సెంతెగ్జుపెరీ విషయంలో చూడాలి. ‘ది లిటిల్ ప్రిన్స్’ రాసినాయనే. 1944 జూలై 31న కోర్సికా దీవిలోని బోర్గో నుంచి లైట్నింగ్ విమానంలో, ఫ్రాన్స్ మీద ఫొటోలు తీయడానికి బయల్దేరాడు. తుపాకులు లేని గూఢచారి విమానం. నలభై నాలుగేళ్లవాడు, ఆ పనికి వయసు మీరినట్టే లెక్క. మధ్యాహ్నానికి రాలేదు. ఆ తర్వాత యాభై ఏళ్లు ఎవరి నోటికొచ్చింది వాళ్లు చెప్పారు. ఆల్ప్స్ కొండల్లో పడ్డాడన్నారు, ఆత్మహత్య అన్నారు, జర్మన్లు కూల్చారన్నారు.

1998 సెప్టెంబరులో, మార్సెయ్ దగ్గర రియూ దీవి పక్కన జాలరి జాన్-క్లోద్ బియాంకో వలలో గుల్ల కట్టిన ముద్ద ఒకటి వచ్చింది. గీకితే వెండి కంకణం. దాని మీద సెంతెగ్జుపెరీ పేరు, భార్య కాన్సువేలో పేరు, న్యూయార్క్‌లోని ఆయన ప్రచురణకర్తల చిరునామా. వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే ఇదే. కానీ చాలామంది నమ్మలేదు, నకిలీ అన్నారు. వాళ్లను తప్పుపట్టను. కంకణం చేతి నుంచి చేతికి మారగల వస్తువు. అది దొరికిన చోటే దాన్ని పెట్టుకున్న మనిషి చనిపోయాడని రుజువు కాదు.

2000లో డైవర్ లుక్ వాన్రెల్ ఆ నీటి అడుగున చెల్లాచెదురుగా పడి ఉన్న విమాన శకలాలను గుర్తించాడు. ఆ తీరంలో కూలిన లైట్నింగులు ఇంకా ఉన్నాయి కాబట్టి లైట్నింగ్ దొరికిందంటే సరిపోదు. ఏ మోడలో తేల్చాలి, ఆ మోడల్లో తప్పిపోయినవాటి జాబితా వేయాలి, ఆచూకీ తెలిసినవాటిని ఒక్కొక్కటే కొట్టేయాలి. ప్రభుత్వ అనుమతి వచ్చి శకలాలను పైకి తీసేసరికి 2003 అయింది. ఉప్పు తిన్న లోహాన్ని కడుగుతుంటే ఒక ముక్క మీద చేత్తో కొట్టిన గుర్తు బయటపడింది: 2734 ఎల్. ఎల్ అంటే ఎడమ వైపు. 2734 కర్మాగారంలో లాక్‌హీడ్ వాళ్లు వేసిన అంకె. దాన్ని సైన్యం ఇచ్చిన నంబరుతో కలిపి చూస్తే 42-68223 వచ్చింది. ఆ ఉదయం బోర్గోలో లేచిన విమానానిది ఆ నంబరే. 2004 ఏప్రిల్లో ప్రకటించారు. ఏ పనివాడో సుత్తి, అచ్చు పట్టుకుని అరనిమిషంలో కొట్టి అవతల పెట్టిన అంకె, యాభై ఏళ్ల పుకార్లను ఊడ్చేసింది.

అన్నిటినీ కాదు. ఎక్కడ పడ్డాడో తెలిసింది, ఎందుకు పడ్డాడో తెలియలేదు. పైకి తీసిన శకలాల్లో తూటా రంధ్రాలు కనపడలేదు, అయితే తీసింది విమానంలో కొద్ది భాగమే. 2008లో హోర్స్ట్ రిపెర్ట్ అనే ముసలి జర్మన్ పైలట్ కూల్చింది తానేనన్నాడు, ఆ రచయిత అంటే తనకు ప్రాణమని కూడా చెప్పాడు. పత్రికలకు పండగే. ఈ పనిలో ఆరితేరినవాళ్లు మాత్రం ఆ రోజు జర్మన్ లెక్కల్లో అక్కడ లైట్నింగును కూల్చినట్టు నమోదుందా అని అడిగారు. లేదు. అరవై ఏళ్ల తర్వాతి జ్ఞాపకం ఎంత నిజాయితీగా చెప్పినా, దానికి పక్కన కాగితమో లోహమో తోడు నిలవాలి. ఆయన అబద్ధమాడాడని కాదు. ముసలితనంలో మనమే ఎన్నో చూశామనుకుంటాం.

ఆ శకలాల మధ్య ఒక ఇంజన్ మాత్రం లెక్కకు పొసగలేదు. లైట్నింగుది కాదు, జర్మన్ డైమ్లర్-బెంజ్ ఇంజన్. అక్కర్లేదని పక్కన పెట్టేయొచ్చు, పెట్టలేదు. వాన్రెల్‌తో పాటు జర్మన్ డైవర్ లీనో ఫాన్ గార్ట్‌జెన్ దాని వెంట పడ్డాడు. అది 1943 డిసెంబరు 2న కూలిన మెసర్‌ష్మిట్ విమానానిది అని తేలింది. నడిపినవాడు అలెక్సిస్ ఫ్యుర్స్ట్ సు బెంట్‌హైమ్ ఉండ్ ష్టైన్‌ఫుర్ట్. జర్మనీలో ఒక సంస్థానపు వంశంలో పుట్టిన నిజమైన రాకుమారుడు.