ప్రోగ్రామింగ్ పాఠ్యగ్రంథాల ఎంపిక: ‘వరకు’ అనే మాట ఆధారంగా ఒక పరిశీలన

కీలకపదాలు: శాస్త్రవచనం, పాఠ్యగ్రంథ విమర్శ, పరిభాష, తెలుగు మాధ్యమం, పైథాన్, సి భాష.

1. ఉపోద్ఘాతం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల డిగ్రీ కళాశాలలు నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయ పరిధిలోనివి. తెలుగు మాధ్యమంలో చదివి, ఇక్కడ కంప్యూటర్ సైన్స్ తరగతులలో చేరే విద్యార్థులకు ఏ ప్రోగ్రామింగ్ పుస్తకం ఇవ్వాలనేది కంప్యూటర్ అధ్యాపకులు తేల్చవలసిన విషయమని తెలుగు శాఖలు భావించడం పరిపాటి. ఈ వ్యాసకర్తదీ మొన్నటిదాకా అదే అభిప్రాయం.

ఒక విద్యార్థి తన నోట్సు పట్టుకొని వచ్చాడు. అందులో ‘రేంజ్(1, 10) అంటే 1 నుండి 10 వరకు’ అని ఉంది. యంత్రం మాత్రం 9 దగ్గరే ఆగిపోయింది. తానేదో తప్పు టైపు చేశానని భావించి, ఆ రెండు పంక్తులనే సాయంత్రమంతా తిరగరాశాడట. తనకు ఈ చదువు అబ్బదేమోనన్న అనుమానం కూడా అతని మాటల్లో వినిపించింది. ప్రోగ్రాములో దోషం లేదు. దోషం తెలుగు వాక్యంలో ఉంది. వాక్యదోషాన్ని పట్టుకోవడం తెలుగు అధ్యాపకుని పని కనుక, ప్రోగ్రామింగ్ గ్రంథాన్ని ముందుగా వచనగ్రంథంగా పరిశీలించాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

2. ‘వరకు’ సూచించే హద్దు

‘సోమవారం నుండి శుక్రవారం వరకు తరగతులు’ అంటే శుక్రవారం కూడా తరగతులున్నట్టే. ‘కోదాడ వరకు టికెట్టు’ తీసుకున్నవారు కోదాడలో దిగుతారు. అంతకు ముందు ఊళ్లో కాదు. నామవాచకంతో చేరిన ‘వరకు’ సాధారణంగా చివరి హద్దును కలుపుకొంటుంది. క్రియతో చేరినప్పుడు తీరు వేరు: ‘వాన తగ్గేవరకు ఆగాం’ అన్నప్పుడు, వాన తగ్గడంతోనే ఆగడం ముగుస్తుంది. పైథాన్‌లోని రేంజ్ చివరి సంఖ్యను కలుపుకోదు. కాబట్టి ‘1తో మొదలై, 10కి చేరకముందే ఆగుతుంది’ అనడమే సరైన తెలుగు.

‘వైల్’ విషయంలో చిక్కు మరింత లోతైనది. దానిని ‘షరతు నెరవేరేవరకు’ అని వివరిస్తే అర్థం తలకిందులవుతుంది. వైల్ తిరిగేది షరతు నిజంగా ఉన్నంతసేపు. ‘అయ్యేవరకు’, ‘ఉన్నంతవరకు’ అనే రెండు రూపాల మధ్య తేడా వ్యాకరణ తరగతిలో ఒక నిమిషం పాఠం. ప్రోగ్రాములో ఒకసారి కూడా నడవని ఆవృత్తికీ, ఎప్పటికీ ఆగని ఆవృత్తికీ ఉన్న తేడా.

సమానచిహ్నానిదీ ఇలాంటి కథే. ‘ఎక్స్ = ఎక్స్ + 1’ అనేది గణితం చదివినవారికి అసంభవం. ఇక్కడ ఆ చిహ్నం సమత్వాన్ని చెప్పదు. కుడివైపు విలువను లెక్కించి ఎడమవైపు పేరుకు ఇమ్మని ఆజ్ఞాపిస్తుంది. ఈ చోట ఆగి ఒక పేరా కేటాయించని పుస్తకం, రచయిత ఎంత పండితుడైనా, తొలి పుస్తకంగా పనికిరాదు.

పరిభాషలో రెండు అతివాదాలు కనిపిస్తాయి. ప్రతి మాటకూ కొత్త సంస్కృత సమాసం కల్పించడం ఒకటి, విద్యార్థికి ముందే తెలిసిన చలరాశి, ప్రమేయం, మాత్రిక వంటి గణితపదాలను తలవకుండానే సాగిపోవడం మరొకటి. గణితంలోని ప్రమేయం ఒకే విలువకు ఎల్లప్పుడూ ఒకే ఫలితాన్నిస్తుంది. ప్రోగ్రాములోని ఫంక్షన్‌కు ఆ నియమం లేదు. అది తెరపై ఏదో ముద్రించి, ఏ విలువా ఇవ్వకుండానే ముగియవచ్చు. ‘ఫంక్షన్’ అనే మాటనే ఉంచి, ప్రమేయంతో దానికున్న పోలికను, తేడాను చెప్పడమే మేలు.

3. గ్రంథాల తీరు

సి భాషకు కెర్నిఘన్, రిచీలు రాసిన గ్రంథం (1978, రెండవ కూర్పు 1988) ప్రామాణికమన్నది నిర్వివాదం. అందుకే దానిని తొలి పుస్తకంగా సూచించేవారున్నారు. అయితే తమది ప్రోగ్రామింగ్‌కు ప్రవేశగ్రంథం కాదని, కొంత పరిచయం ఉన్నవారికని ఆ రచయితలే ముందుమాటలో చెప్పుకున్నారు. దాని సంక్షిప్తత తెలిసినవారికి గుణం, తెలియనివారికి గోడ. యశవంత్ కానేట్కర్ ‘లెట్ అజ్ సి’ ఏ పూర్వపరిచయాన్నీ కోరదు. దాని చిన్న ఇంగ్లీషు వాక్యాలు మన విద్యార్థికి అందుతాయి. ఆలెన్ డౌనీ ‘థింక్ పైథాన్’ ఉచితంగా లభిస్తుంది. తప్పులను వెతికి సరిదిద్దుకోవడం గురించి అధ్యాయాల చివర ప్రత్యేకంగా చర్చిస్తుంది. యంత్రం చూపే దోషసందేశాన్ని తన ఓటమిగా చదువుకునే విద్యార్థికి ఈ మూడింటిలో మొదట ఇవ్వదగినది ఇదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

గ్రంథాలయంలోని పాత ప్రతుల సంగతి వేరు. ‘కోనియో డాట్ హెచ్’, ‘వాయిడ్ మెయిన్’ కనిపిస్తే అది టర్బో సి నాటి అలవాటు. మొదటిది సి ప్రమాణంలో భాగం కాదు, రెండవది ప్రమాణం సూచించిన రూపం కాదు. ‘గెట్స్’ అనే ఫంక్షన్ నేర్పితే ఇంకా ప్రమాదం. లోనికి వచ్చే అక్షరాల పొడవుకు అది హద్దు పెట్టదు. 1988 నాటి మోరిస్ వార్మ్ ఈ లోపాన్ని కూడా వాడుకుంది. 2011 నాటి ప్రమాణం దానిని భాషనుండే తొలగించింది. పైథాన్‌లో ప్రింట్ పక్కన కుండలీకరణాలు లేని పుస్తకం రెండవ పైథాన్‌కు చెందినది. దాని నిర్వహణ 2020 జనవరి 1తో ముగిసింది.

తెలుగులో శాస్త్రం చెప్పగలమా అన్న సందేహం కొత్తది కాదు. కోదాడ దాటి జగ్గయ్యపేట మీదుగా వెళితే వచ్చే పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని స్థాపించినప్పుడూ అది ఉంది. మండలి శాస్త్రగ్రంథాలను మనం సాహిత్యచరిత్రలో భాగంగా పాఠం చెబుతాం. నేటి శాస్త్రవచనాన్ని మాత్రం మన పరిధిలోనిది కాదని పక్కన పెడతాం.

ఆ విద్యార్థి తన నోట్సులో ‘10 వరకు’ కొట్టివేసి ‘10 రాకముందు వరకు’ అని రాసుకున్నాడు. వ్యాకరణరీత్యా అది అందమైన ప్రయోగం కాదు. ఈ వ్యాసకర్త దానిని దిద్దలేదు.