చూరునీటి లెక్క

వానలు ఊపందుకున్న ఈ వారంలో హైదరాబాదు కాలనీల్లో మ్యాన్‌హోళ్లు పొంగి మురుగు వాకిళ్లలోకి చేరడం కొత్త కాకపోయినా, కారణం కోసం వీధంతా వెతికేవారు సొంత ఇంటి గోడ వెంట దిగిన తెల్లని పైపు వైపు చూడకపోవడం ఏటేటా చిరాకు పుట్టించే సంగతే. డాబా మీద కురిసిన నీటిని దించే ఆ పైపు చాలా ఇళ్లలో నేరుగా చాంబర్‌లోకి, అంటే వంటింటి నీరు, స్నానాల నీరు చేరే మురుగు తొట్టిలోకి కలిసి ఉంటుంది; ఇళ్ల వాడకం నీటికి సరిపోయేలా వేసిన మురుగు లైనులోకి వీధి వీధంతా ఒకే గంటలో వాననీటిని వదిలితే అది పైకి తన్నక ఏం చేస్తుంది?

ఇంకుడు గుంత మీద ఈ శీర్షికకు ఉన్న మమకారం, దాని వెంట వచ్చే లెక్క పాత పాఠకులకు కంఠస్థమే. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు నీరు. హైదరాబాదు సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు కనుక, 100 చదరపు మీటర్ల డాబా మీద 80,000 లీటర్లు కురుస్తాయి, ఆవిరికీ చిందుకూ ఐదో వంతు తీసేసినా మిగిలేది 5,000 లీటర్ల ట్యాంకర్లు పన్నెండింటికి పైగా నింపుతుంది. వాననీటి సంరక్షణ కట్టడాలు ఉండాలని 2002లో వచ్చిన వాల్టా, అనగా జల, భూమి, చెట్ల చట్టం చెబుతున్నా, ప్లానులో ఉన్న గుంత నేల మీద కనబడదు, కనబడిన చోట దాని మీద కారు నిలబడి ఉంటుంది.

పెద్దలు నీటిని ఇలా పారబోసేవారు కారనడానికి సాధారణంగా గోదావరి జిల్లాల మండువా లోగిలిని సాక్ష్యానికి పిలుస్తారు. పాత చూరు పట్టుకుని వేలాడటం అలవాటైన ఈ శీర్షిక కూడా ఒకటికి రెండుసార్లు పిలిచింది. నాలుగు వైపుల పెంకుల కప్పు లోపలికి వాలి, ఇంటి నడుమ ఆకాశానికి తెరిచి ఉన్న పల్లపు వాకిట్లోకి నీటిని వదిలే ఇల్లు అది. రెండు వాలులు కలిసే మూలల్లో నీరు ధారగా దిగుతుంది కనుక ఇత్తడి గంగాళాన్ని సరిగ్గా ఆ మూల కింద పెట్టేవారు, అదీ తొలి జల్లుకు కాదు. పెంకుల మీది దుమ్ము, రెట్టలు, ఎండుటాకులు కొట్టుకుపోయి, ధార తేటబడ్డాకే గంగాళం కదిలేది. నేటి ఇంజనీర్లు తొలి వాన మళ్లింపు అనే పేరుతో పైపుకు ఒక వాల్వు బిగించి చేసే పని అదే. అలా పట్టిన నీటిలో నేలలోని సున్నపు లవణాలు ఉండవు గనుక సబ్బు చక్కగా నురుగొస్తుంది, పప్పు త్వరగా ఉడుకుతుంది. బావినీరు ఉప్పగా ఉండే ఊళ్లలో ఆ గంగాళం విలువ వేరే చెప్పనక్కరలేదు.

అయితే మండువా మూలన ఉన్న తూము ఎటు పోతుందో చూస్తే ఆ పొగడ్తను కొంత వెనక్కి తీసుకోక తప్పదు. గంగాళంలో నిలిచేది నాలుగైదు బిందెలు. మిగిలిన నీరంతా పల్లపు వాకిటి రాళ్ల వాలు వెంట ఆ తూములోకి, అక్కడి నుంచి అరుగుల కింద గుండా బయటికి పోయేది, ఎందుకంటే మట్టి గోడలున్న ఇంటికి నిలిచిన నీరు శత్రువు. ఇల్లు నీటిని దాచలేదు, వీలైనంత త్వరగా వెళ్లగొట్టింది. దాచింది పెరట్లోని అరటి పాదులు, పశువుల కొట్టం చుట్టూ ఉన్న మట్టి, గులక వీధి, ఊరి చెరువు. ఆ లెక్కన నేటి డాబా యజమాని పూర్వుల దారి తప్పినవాడేమీ కాదు, నీటిని బయటికి తోలడంలో వారి అసలైన వారసుడు. అతడు చేసిందల్లా దాన్ని అందుకునే మట్టి మీద గేటు నుంచి వెనక గోడ దాకా సిమెంటు పరచడమే.

కనుక ఇంకుడు గుంతను పూర్వుల విజ్ఞతకు కొనసాగింపుగా ఇన్నాళ్లు ఇక్కడ కీర్తించడం పొరపాటు. అది సిమెంటు వాకిలికి కట్టే జరిమానా. మొరపనేలలో ఆ గుంత బాగా తాగుతుంది. నల్లరేగడిలో నీరు దిగదు సరికదా, తడికి ఉబ్బే ఆ మట్టి పునాదినే కదిలిస్తుంది, అక్కడ గుంత కంటే విడిగా కట్టిన తొట్టి మేలు. గుంత ఉన్నవారికైనా పని తీరలేదు: అడుగున పెద్ద రాళ్లు, ఆపైన కంకర, అన్నిటి పైన ఇసుక పోసిన ఆ గుంతలో డాబా మీది ఒండ్రు ముందు ఇసుక పొరనే మూసేస్తుంది, రెండు వానాకాలాలు పట్టించుకోకపోతే అది మూతపడిన గొయ్యే. పాఠకులు వచ్చే వానకు ముందు కారు పక్కకు తీసి, గుంత మూత ఎత్తి, పైన పేరుకున్న బురదను ఒక పారతో గీకించగలరు. వీలైతే గేటు పక్కన నాలుగు బండలు కూడా లేపించగలరు.